మంచును నెట్టే ఊళ్లు, ఎత్తే ఊరు

మంచు కురిసే ఊళ్లలో చాలావాటికి దాన్ని రోడ్డు పక్కకు నెట్టేస్తే పని అయిపోయినట్టే. తర్వాతి సంగతి ఎండ చూసుకుంటుంది. కెనడాలోని మాంట్రియల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏటా సగటున రెండు మీటర్ల మంచు పడుతుంది. పాత పేటల్లో వీధులు ఇరుకు, ఇళ్ల ముందు బారులు తీరిన కార్లు. డిసెంబర్‌లో పక్కకు నెట్టింది అక్కడే పేరుకుంటే జనవరి మంచుకు చోటెక్కడ? అందుకే ఈ ఊరు మంచును లారీలకెత్తి వేరే చోట పోస్తుంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు కలిపి దాదాపు 10,000 కిలోమీటర్ల మేర సాగే ఈ పనిలో నేర్పంతా ఎక్కడుందో తెలియాలంటే ఒక్క వీధిని చూస్తే చాలు.

మంచు మొదలవగానే ఉప్పు చల్లుతారు. చలి మరీ ముదిరితే ఉప్పు పనిచేయదు, అప్పుడు కాలు జారకుండా సన్న కంకర వేస్తారు. మంచు పేరుకుంటుంటే ముందు మంచును నెట్టే రేకు బిగించిన బండ్లు దిగుతాయి. ఇంతవరకూ ఏ చలిదేశపు ఊరైనా చేసేదే. 10, 15 సెంటీమీటర్లు దాటితే మాత్రం ఎత్తివేతకు ఆదేశం వస్తుంది.

ముందుగా వీధి పొడవునా నారింజ రంగు బోర్డులు వెలుస్తాయి. ఏ వేళల్లో కారు ఆపకూడదో వాటి మీద ఉంటుంది. ఆ వేళ రాగానే కార్లను లాగే బండి గట్టిగా సైరన్ మోగిస్తూ వస్తుంది. నిద్ర లేచి కిందికి పరుగెత్తినవాళ్లు బతికిపోయారు. మిగిలిన కార్లను దగ్గర్లోని మరో వీధికి లాగి వదులుతారు, జరిమానా రాస్తారు. వీధి ఖాళీ అయ్యాక ఫుట్‌పాత్ మీద నడిచే బుల్లి ట్రాక్టరు అక్కడి మంచును రోడ్డు మీదికి దింపుతుంది. వెనకే గ్రేడర్ తన వాలు రేకుతో అంచును గీకుతూ, చెల్లాచెదురుగా ఉన్న మంచునంతా పొడవాటి గట్టుగా పోస్తుంది.

ఈ గట్టే అసలు పనితనం. అది వంకర పోయినా, మధ్యలో తెగినా వెనక వచ్చే మంచు ఊదే యంత్రం తడబడుతుంది. గట్టు తిన్నగా ఉంటే ఆ యంత్రం దాన్ని నోట కరుచుకుని, పైగొట్టం గుండా పక్కనే నడిచే లారీలోకి చిమ్ముతుంది. లారీ డ్రైవరు యంత్రం వేగానికి తన వేగం కలుపుతూ, తొట్టి అంతా సమానంగా నిండేలా అంగుళాల లెక్కన ముందుకీ వెనక్కీ జరుపుతాడు. నిండిన లారీ ముందుకు తప్పుకోగానే వెనక కాచుకున్నది ఆ చోట్లోకి వస్తుంది. ఊదే యంత్రం ఆగీ ఆగనట్టు సాగిపోతూనే ఉంటుంది.

ఆ యంత్రమూ ఇక్కడి బిడ్డే. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రానికే చెందిన ఆర్థర్ సికార్ అనే రైతుబిడ్డ ధాన్యం నూర్చే యంత్రాన్ని చూసి, కంకులను నోట్లోకి లాక్కుని పొట్టును ఊదేసే పద్ధతి మంచుకెందుకు పనికిరాదని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 1927లో మొదటి యంత్రాన్ని కొన్నది ఊట్రెమాంట్ పురపాలక సంస్థ. అప్పట్లో అది వేరే ఊరు, ఇప్పుడు మాంట్రియల్‌లోనే ఒక భాగం. పేరులేని మనిషి చేసిన వింత బండికి డబ్బు పెట్టాలని తీర్మానించిన ఆ చిన్న ఊరి ధైర్యాన్ని కూడా ఈ పనితనంలోనే లెక్కవేయాలి.

ఎత్తిన మంచును ఒకప్పుడు సెయింట్ లారెన్స్ నదిలో కుమ్మరించేవారు. అందులోని ఉప్పు, చమురు, చెత్త నదిలో కలుస్తున్నాయని మానేశారు. ఇప్పుడు కొంత మురుగు కాలువల్లోకి దింపుతారు. ఆ నీటి వెచ్చదనానికే కరిగిపోతుంది. ఎక్కువ భాగం గుట్టలుగా పోస్తారు. అలా పోసే చోట్లలో పెద్దది ఫ్రాంకాన్ అనే పాత సున్నపురాయి క్వారీ. అక్కడి మంచు నడివేసవిలోనూ మిగిలే ఉంటుంది.

యంత్రాలు ఎన్నున్నా, ఎప్పుడు కదలాలో చెప్పేది పాలకులే. మాంట్రియల్‌లో 19 పేటలకు వేర్వేరు పాలక మండళ్లున్నాయి. ఎత్తివేత ఎప్పుడు మొదలెట్టాలో ఒకప్పుడు ఎవరికి వారే తేల్చుకునేవారు. ఒక పేటలో లారీలు తిరుగుతుంటే పక్క పేటలో గుట్టలు అలాగే ఉండేవి. 2015లో నగర కౌన్సిల్ అందరికీ ఒకే విధానాన్ని ఆమోదించింది. పెద్ద రోడ్లు, బస్సు దారులు, ఆసుపత్రుల పరిసరాలు ముందు, లోపలి వీధులు తర్వాత అనే వరస అందరికీ ఒకటే అయింది. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో అమెరికాలోని షికాగో చూపించింది. 1979 జనవరి తుఫాను తర్వాత మంచు తీయించలేకపోయిన మేయర్ బిలాండిక్ మరుసటి నెలలోనే సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ఓడిపోయాడు.

మాంట్రియల్‌కూ హద్దులున్నాయి. 2025 ఫిబ్రవరిలో రోజుల తేడాతో వచ్చిన రెండు తుఫాన్లు 70 సెంటీమీటర్లకు పైగా కురిపించినప్పుడు ఎత్తివేత బాగా ఆలస్యమైంది, జనం విసుక్కున్నారు. ఆ విసుగు కూడా ఒక రకంగా మెప్పే. మంచు తనంతట కరిగేదాకా ఆగే ఊళ్లలో దాన్ని ఇంకా ఎత్తలేదేమని ఎవరూ అడగరు. ట్రాక్టరు గ్రేడర్ కోసం, గ్రేడర్ ఊదే యంత్రం కోసం, ఆ యంత్రం లారీ కోసం పని సిద్ధం చేసి వదిలే అలవాటు ఏళ్లుగా ఉన్నందుకే, మాంట్రియల్‌వాళ్లు ఆ ప్రశ్నను హక్కుగా అడుగుతున్నారు.