తక్కువ తిరిగిన బండి, ఎక్కువ కాలం నిలిచే పనితనం

మోటార్ హోమ్ కట్టే పద్ధతి అమెరికాలోనైనా మన దగ్గరైనా చాలావరకు ఒకటే. ట్రక్కు ఛాసిస్ కొంటారు, దాని మీద గది కడతారు. మన సినిమా షూటింగుల దగ్గర కనబడే క్యారవాన్లు కూడా ఈ కోవలోవే. ఛాసిస్ చేసినవాళ్లకు పైన వచ్చే ఇంటి సంగతి తెలియదు, ఇల్లు కట్టేవాళ్లకు కింది ఇనుము ఎలా ఉంటే అలా ఒప్పుకోక తప్పదు. అందుకే లోపలి నేల ఎత్తులో ఉంటుంది, మెట్లెక్కి పోవాలి, మలుపు తిరిగినప్పుడల్లా బండి ఒరుగుతుంది, అరల్లో గిన్నెలు గలగలమంటాయి.

1973 మోడల్ నుంచి 1978 దాకా జనరల్ మోటార్స్ మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో తయారుచేసిన జీఎంసీ మోటార్ హోమ్ ఈ పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టింది. 1972 మేలో వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో జరిగిన ట్రాన్స్‌పో 72 ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. మొత్తం మీద తయారైనవి దాదాపు 13 వేలు. 23 అడుగులది ఒకటి, 26 అడుగులది ఒకటి, రెండే పొడవులు. ఒక పెద్ద కార్ల కంపెనీ ఛాసిస్‌నూ బాడీనీ ఇంటినీ ఒకే ఆలోచనతో గీసిన మోటార్ హోమ్ ఇది. ఇప్పటికీ దీన్ని వెతుక్కుంటూ వెళ్లి కొనేవాళ్లున్నారు.

అలా వెతికేవాళ్లందరూ కోరుకునేది తక్కువ తిరిగిన బండి. 1976 నాటి 26 అడుగుల బండి ఒకటి అమ్మకానికి వస్తే ఈమధ్య మిషిగన్‌లో దాన్ని తీరిగ్గా చూశాను. ఓడోమీటర్ మీద 21 వేల చిల్లర మైళ్లు ఉన్నాయి. ఎక్కువ తిరిగిన బండిలో ఫ్యాక్టరీవాళ్ల పనీ, ఆ తర్వాత చేయి పెట్టిన మెకానిక్కుల పనీ కలగలిసిపోతాయి, ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ఇలాంటి బండిలో మాత్రం మొదట చేసిన పని చేసినట్టే మిగిలి ఉంటుంది. తక్కువ తిరగడంలోని అసలు విలువ అదే అనిపించింది నాకు. తయారీ ఎంత శ్రద్ధగా జరిగిందో అలాంటి బండే తేటగా చూపిస్తుంది.

ముందుభాగంతో మొదలుపెడదాం. సాధారణంగా ఇంత బరువైన బండికి ఇంజన్ ముందు, తిరిగే చక్రాలు వెనక ఉంటాయి. ఆ రెంటినీ కలిపే పొడవాటి షాఫ్టు నేల కింద నుంచి పోతుంది. నేల ఎత్తడానికి ఆ షాఫ్టే పెద్ద కారణం. జీఎంసీ ఇంజనీర్లు దాన్నే తీసేశారు. తమ కంపెనీలోనే ఓల్డ్స్‌మొబీల్ విభాగం 1966 మోడల్‌గా తెచ్చిన టొరొనాడో కారు ఇంజన్నూ గేర్‌బాక్సునూ తెచ్చి ముందు చక్రాలతో నడిచే మోటార్ హోమ్ చేశారు. 1937లో కార్డ్ కారు ఆగిపోయాక అమెరికాలో ముందు చక్రాలతో నడిచే కారు మళ్లీ వచ్చింది ఆ టొరొనాడోతోనే.

నేను చూసిన బండిలో ఇంజన్ 7.5 లీటర్ల వీ8. అది బండి పొడవునా కూర్చుంటే, దాని వెనకాల గేర్‌బాక్స్ ఉండాల్సిన చోట టార్క్ కన్వర్టర్ ఒక్కటే ఉంటుంది. అక్కడి నుంచి శక్తిని పక్కకు మళ్లించేది చైను. సైకిల్లో పెడల్ దగ్గరి బలాన్ని వెనక చక్రానికి చేర్చినట్టే, హై-వో అని పిలిచే రెండంగుళాల వెడల్పు చైను ఇంజన్ బలాన్ని పక్కనే ఆనుకుని ఉన్న గేర్‌బాక్సుకు చేరుస్తుంది. గేర్‌బాక్స్ ముఖం మళ్లీ ముందుకే. దాని చివరన డిఫరెన్షియల్, అక్కడి నుంచి రెండు వైపులా చక్రాలు. ఇంత యంత్రాంగమూ బండి ముక్కులోనే సర్దుకుంది. నేల కింద తిరిగే ఇనుప ముక్క ఒక్కటి లేదు. అందుకే లోపలి నేల రోడ్డుకు అడుగున్నర లోపు ఎత్తులోనే ఉంది. ఒక్క అడుగు ఎత్తి వేస్తే ఇంట్లో ఉన్నట్టే. ఆరడుగుల మనిషి తల వంచకుండా తిరగొచ్చు. అయినా పైకప్పు మీది ఏసీతో కలిపి బయటి ఎత్తు తొమ్మిది అడుగుల దగ్గరే ఆగింది. బరువంతా కిందికి దిగడంతో మలుపుల్లో ఒరగడమూ తగ్గింది.

ఇక వెనకభాగం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, కింద పడుకుని చూడాల్సిన పని ఇది. బరువు బండ్లకు వెనక జంట టైర్లు పక్కపక్కన ఉంటాయి, మధ్యలో అడ్డంగా లావాటి యాక్సిల్ ఉంటుంది. జీఎంసీలో ఒక్కో వైపు రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అడ్డంగా యాక్సిల్ లేదు. రెండు చక్రాల మధ్య ఫ్రేముకు బిగించిన పెట్టెలాంటి గట్టి భాగం ఉంది. దాని నుంచి ఒక చేయి ముందుకు చాచి ముందు చక్రాన్ని, ఇంకొకటి వెనక్కి చాచి వెనక చక్రాన్ని పట్టుకుంటాయి. ఆ రెండు చేతులకూ పైకి నిలబడ్డ కొసలున్నాయి, ఆ కొసల మధ్య పడుకోబెట్టినట్టు గాలి నింపిన రబ్బరు సంచి ఉంది. స్ప్రింగు పని చేసేది ఆ సంచే.

ఈ జంటలో ముందు చక్రం మిట్ట ఎక్కిందనుకోండి. దాని చేయి పైకి లేచి సంచిని ఒకవైపు నుంచి నొక్కుతుంది. సంచి ఆ ఒత్తిడిని రెండో చేతికి పంపి వెనక చక్రాన్ని నేలకు మరింత అదుముతుంది. రెండు చక్రాలూ బరువును ఎప్పటికప్పుడు పంచుకుంటాయి. మిట్ట ఎత్తు మొత్తం బండికి తగలదు. చక్రాలు సన్నగా ఒకే వరుసలో ఉండడం వల్ల లోపలికి చొచ్చుకొచ్చే భాగం తక్కువ, ఆ మేరకు మంచానికీ స్నానాల గదికీ వెడల్పు దక్కింది. సంచుల్లోకి గాలి పంపడానికి కంప్రెసర్ ఉంది. ఎగుడుదిగుడు నేల మీద బండి ఆపినప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చునే తోకభాగాన్ని లేపి, దించి, సమం చేసుకోవచ్చు. చక్రాల కింద చెక్కలు పెట్టే అవస్థ చాలావరకు తప్పింది. ఒకే అమరికతో కుదుపు తగ్గింది, నేల దిగింది, ఇల్లు వెడల్పయింది, మంచం సమమైంది. మంచి ఇంజనీరింగ్ అని నేను అనేది ఇలాంటి దాన్నే.

బాడీ సంగతి కూడా అంతే శ్రద్ధతో సాగింది. అస్థిపంజరం అల్యూమినియం, ముక్కలన్నీ వెల్డింగ్‌తో కలిపారు. దాని మీద కొంత అల్యూమినియం రేకు, కొంత ఫైబర్‌గ్లాస్. వీటిని అతుకు మందుతో అంటించారు. వరసగా రివెట్ల తలలు కనబడవు. ముందూ వెనకా ఉన్న గుండ్రటి కప్పులు అచ్చు పోసిన ఫైబర్‌గ్లాస్. ఆ ఎముకల మధ్య ఖాళీల్లో పాలియురెథేన్ నురగ చిమ్మారు. అది ఎండనూ చలినీ ఆపుతుంది, రేకుల మోతనూ మింగేస్తుంది. ఈ బాడీ మొత్తం ఉక్కు ఛాసిస్ మీద రబ్బరు దిండ్ల మీద కూర్చుంది. లోపల ఇంకొక తెలివైన ఏర్పాటు చేశారు. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను వేడినీళ్ల ట్యాంకు గుండా తిప్పారు. పగలంతా ప్రయాణం చేసి ఆగేసరికి విడిగా కాచకుండానే స్నానానికి వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి.

ఇంత మంచి బండి తక్కువ తిరిగి దొరికితే కళ్లు మూసుకుని కొనేయొచ్చా? ఇక్కడే కళ్లు తెరవాలి. ముందుగా ఆ అంకె నిజమేనా అన్నది. ఈ బండి ఓడోమీటర్‌లో మైళ్లకు ఐదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. 21 వేలు చూపించే బండి లక్షా 21 వేలు తిరిగినదీ కావచ్చు. రీడింగ్ మార్చడాన్ని అమెరికా 1972లోనే ఫెడరల్ చట్టంతో నిషేధించినా, ఇంత పాత బండ్లు చేతులు మారేటప్పుడు రీడింగును రాసి ధ్రువీకరించే నియమం వర్తించదు. కాబట్టి కాగితం మీద భరోసా ఉండదు, బండినే అడగాలి.

బ్రేకు పెడల్ మీది రబ్బరు గీతలు అరిగాయా అని అందరూ చూస్తారు. ఆ రబ్బరు మార్చడం చాలా సులువు, అందుకే దాన్ని నమ్మలేం. ఎవరూ మార్చాలని అనుకోని చోట్లు చూడాలి. తాళం దూర్చే చోట, గుత్తిలోని మిగతా తాళాలు ఊగి ఊగి గీసిన గీతలు ఎన్ని? స్టీరింగ్ చక్రం మీద చేతులు ఉండే రెండు చోట్లా మెరుపు ఎక్కిందా? సొరుగు లాగితే కింది పట్టీ అరిగి ఉందా? జనరేటరుకు గంటల మీటరుంటే అది చెప్పేదానికీ ఓడోమీటర్ చెప్పేదానికీ పొంతన ఉందా? నేను చూసిన బండిలో తాళం చుట్టూ లోహం దాదాపు నున్నగా ఉంది. ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడల్లా తేదీ, రీడింగ్ రాసిన చిన్న పుస్తకం అరలో ఉంది. ఇంజన్ మూత బోల్టుల మీద రెంచి పట్టిన గాట్లు లేవు. ఇవన్నీ ఒకే మాట చెబుతుంటే అంకెను నమ్మొచ్చు.

రెండోది, ఎంత తిరిగిందన్న దానికన్నా ఎప్పుడెప్పుడు తిరిగిందన్నది ముఖ్యం. ఏటా వేసవిలో కాస్త తిరిగిన బండి ఒక ఎత్తు. మొదటి నాలుగైదేళ్లలో తిరిగి, ఆ తర్వాత షెడ్డులోంచి కదలని బండి ఇంకొక ఎత్తు. తిరగకపోవడం వల్ల మిగిలేవి ఉన్నాయి. సిలిండర్ల గోడలు, చైను, గేర్లు, సీట్ల బట్ట అరగవు. మిషిగన్ లాంటి చోట చలికాలంలో రోడ్లకు చల్లే ఉప్పు ఉక్కు ఛాసిస్‌ను తినేస్తుంది. ఆ రోజుల్లో బయటికి రాని బండికి ఆ బాధ తప్పుతుంది.

నిలబడడం వల్ల పాడయ్యేవీ ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం రబ్బరే. టైరు గాడి కొత్తగా కనబడుతుంది, లోపల మాత్రం రబ్బరు ఎండిపోతుంది. టైరు పక్కన ముద్రించిన కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. 2316 అంటే 2016లో 23వ వారం. పదేళ్లు నిండిన టైరుతో హైవే ఎక్కకూడదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ పైపులనూ సిలిండర్లనూ లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. వెనక చేతుల ఇరుసుల్లో గ్రీజు గట్టిపడుతుంది. కిటికీల చుట్టూ సీలు చిట్లి నీరు దిగితే నేలలోని ప్లైవుడ్ మెత్తబడుతుంది. మడమతో గట్టిగా తొక్కుతూ బండి మూలమూలా నడిస్తే అది తెలిసిపోతుంది. రాత్రి సమంగా నిలిపిన బండి తెల్లారేసరికి ఒకవైపు కుంగితే ఆ వైపు గాలి సంచో దాని గొట్టమో కారుతున్నట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి పెట్రోలు గొట్టాలు. ఈ బండికి రెండు ట్యాంకులు, కలిపి 50 గాలన్లు, అంటే 190 లీటర్ల దాకా. 1970ల నాటి రబ్బరు గొట్టాలు ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకోవు. మెత్తబడి, పగిలి, వేడి ఇంజన్ మీద చుక్కలు పడితే బండే కాలిపోతుంది. అందుకే కంపెనీ వేసిన ఒరిజినల్ గొట్టాలు అలాగే ఉన్నాయని అమ్మేవాళ్లు చెబితే కొనేవాళ్లు సంతోషించకూడదు. స్టార్టు చేయకముందే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న గొట్టాలన్నీ మార్చాలి. టైర్లు, బ్రేకు గొట్టాలు, గాలి సంచులు, బెల్టులు కలిపి ఎంతవుతుందో ముందే లెక్కేసి, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమని అడగాలి. అది న్యాయమైన బేరం.

ఈ లెక్క వేస్తున్నప్పుడే ఆ బండి చేసినవాళ్ల మీద నా గౌరవం ఇంకా పెరిగింది. కాలంతో చెడేవి చాలావరకు చేతికి అందే చోట ఉన్నాయి. వెనక గాలి సంచి బయటి నుంచే విప్పొచ్చు. ముందున్న రెండు చిన్న తలుపులు తీస్తే ఆయిలూ నీళ్లూ చూసుకోవచ్చు. ముందు సీట్ల మధ్య నేలలో ఉన్న మూత ఎత్తితే ఇంజన్ పైభాగం ఎదురుగా ఉంటుంది. మార్చడం కష్టమైన అస్థిపంజరాన్ని మాత్రం తుప్పు ఎరగని అల్యూమినియంతో చేశారు. ఏది పోతుందో, ఏది ఉండాలో తెలిసినవాళ్లు చేసిన విభజన అది. 1978లో తయారీ ఆగిపోయినా ఈ బండ్లు ఇంకా రోడ్ల మీద ఉండడానికి ముఖ్య కారణం ఇదే. యజమానుల సంఘాలు, విడిభాగాలు కొత్తగా చేసి అమ్మే చిన్న వ్యాపారులు ఆ పనిని కొనసాగిస్తున్నారు. డెట్రాయిట్ చుట్టూ ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో కార్ల కంపెనీల కోసం పనిచేసే మన తెలుగు ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఒక సెలవురోజు ఈ బండి కిందికి దూరి చూస్తే తమ వృత్తి మీద ఇష్టం పెరుగుతుందని నా నమ్మకం.

తక్కువ తిరిగిన బండిని కొన్నవాళ్లకు ఆ అంకెను అలాగే కాపాడాలన్న మోజు పుడుతుంది. అది బండికి మంచిది కాదు. రబ్బరు మార్చి, గ్రీజు ఎక్కించి, బ్రేకులు సరిచూసుకున్నాక దాన్ని తిప్పాలి. నెలకొకసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడపాలి, ఏడాదికొక దూర ప్రయాణం చేయాలి. గాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్లే ఇస్తుంది, ఆ ఖర్చుకు సిద్ధపడి కొనాలి. ఇంత శ్రమపడి చేసిన చైనూ చక్రాలూ గాలి సంచులూ రోడ్డు మీద పనిచేస్తుంటేనే వాటి విలువ నిలుస్తుంది. 21 వేలు చూసి ముచ్చటపడి కొన్నవాళ్లు దాన్ని 40 వేలకు తీసుకెళితే, తర్వాత కొనేవాళ్లకు ఇంతకన్నా మంచి బండి దొరుకుతుంది.