మిగ్ మీద మరక ఎక్కడుండాలి?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో వీడియోగేముల కోసమే ఒక మ్యూజియం ఉంది. 2016లో తెరిచిన ఆ నేషనల్ వీడియోగేమ్ మ్యూజియంలో పాత కంప్యూటర్లను చూస్తే బ్రూస్ ఆర్ట్‌విక్ గుర్తుకొస్తాడు. 1980లో ఆపిల్-2 కోసం ఆయన చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నేలంటే నాలుగు గీతలు. రంగు వేద్దామన్నా బయటినుంచి విమానం కనిపిస్తేగా! ఇప్పుడు సిమ్యులేటర్‌లో పాత జెట్ ఫైటర్‌కి రంగు వేసేవాళ్ళు 4096×4096 చుక్కల బొమ్మ మీద పనిచేస్తున్నారు. అంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు చుక్కలు.

టైలర్ కత్తిరించిన గుడ్డ ముక్కల్లా విమానం తొడుగంతా ఆ బొమ్మలో విడివిడిగా పరిచి ఉంటుంది. రంగు వేసేది ఆ ముక్కల మీద. గళ్ళ చొక్కాకి జేబు దగ్గర గళ్ళు కలిసినట్టు, పొట్ట మీది పట్టీ రెక్క మొదట్లో అతుకు తెలియకుండా కలవాలి. రంగు ఒక పొర, రేకుల అతుకులు ఒక పొర, రివెట్లు, గుర్తులు, మరకలు వేరే పొరలు. ఎక్కడ మెరవాలో, ఎక్కడ గరుకుగా ఉండాలో చెప్పే బొమ్మ ఇంకొకటి.

కష్టమంతా రంగు వేయని విమానంతోనే. కొరియా యుద్ధం నాటి ఎఫ్-86 సేబర్లు చాలావరకు వట్టి లోహపు మెరుపుతో ఎగిరాయి. మొత్తం ఒకే వెండిరంగు పూస్తే బొమ్మ విమానంలా ఉంటుంది. పక్కపక్క రేకులే ఒకటి తేటగా, ఒకటి మసకగా కనిపించాలి. ఇంజన్ వేడి తగిలే తోక దగ్గర, పొయ్యి మీద మాడిన స్టీలు గిన్నె అడుగులా పసుపూ నీలమూ తేలాలి.

ఫ్రిస్కో నుంచి గంట ప్రయాణంలో, డాలస్ పక్కనున్న వాట్ (Vought) కంపెనీ ఫ్యాక్టరీలో ఎఫ్-8 క్రూసేడర్ తయారైంది; అది మొదట ఎగిరింది 1955 మార్చి 25న. పైన లేత బూడిదరంగు, కింద తెలుపు, చక్రాల తలుపుల అంచులకు ఎరుపు. ఓడ మీది విమానం కాబట్టి ఉప్పుగాలికి చెడిన చోటల్లా కొత్త రంగు అతుకులు పడాలి. కొత్తవాళ్ళు ఇక్కడే మురికి పులిమేస్తారు. నూనె ఎటు కారుతుందో, గాలి దాన్ని ఎటు లాగుతుందో తెలియకుండా పెట్టిన మరక అబద్ధమే.

మన మిగ్-21 కథ ఇంకా చిక్కు. 1971 యుద్ధం ముంగిట, వెండిరంగు మిగ్‌లకు బేసుల్లోనే హడావిడిగా మభ్యపెట్టే రంగులు పూశారు. ఒక్కో స్క్వాడ్రన్‌ది ఒక్కో తీరు. అవి ఎలా ఉండేవో తేల్చడానికి ఫోటోలే దిక్కు, వాటిలో చాలా నలుపు తెలుపువే.

హైదరాబాద్‌లో హెచ్‌ఏఎల్ విభాగం 1965లో మొదలైందే మిగ్-21 ఎలక్ట్రానిక్ పరికరాల కోసం. అక్కడో, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లోనో పనిచేసి రిటైరైన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఆల్బమ్ ఒకసారి తిరగేయండి. విమానం పక్కన దిగిన రంగు ఫోటో దొరికితే స్కాన్ చేయండి. ఏ ఏడాదో, ఏ ఊరో వాళ్ళనే అడిగి వెనక రాసిపెట్టండి.