కన్నీళ్లకీ నవ్వుకీ ఒకటే కిటుకు

సినిమా చూసి ఏడ్చే ఆడవాళ్లంటే అందరికీ చులకనే. "కట్టుకతకి కండ్లొత్తుకుంటావేమ్మే!" అని మా చిత్తూరువైపు పెద్దవాళ్లు కసురుతారు. దానికి నా జవాబు 'యోగి వేమన' (1947). మా ఊరి రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టి, ఊరిపేరునే ఇంటిపేరుగా చేసుకున్న నాగయ్యగారు అందులో వేమన. అన్నకూతురు జ్యోతి పోయినప్పుడు ఆయన గుండెలు బాదుకుని గోల చెయ్యరు. ఆయన గొంతులో అదిమిపెట్టిన దుఃఖమే మన కళ్లలోంచి దూకుతుంది.

ఆ చిత్రం తీసిన కె.వి. రెడ్డిగారే పదేళ్లకి 'మాయాబజార్' (1957) తీశారు. పెళ్లిపీటల మీద, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుడి కాలు తొక్కేస్తాడు. రేలంగి విలవిల్లాడతాడు. సావిత్రి మాత్రం నవ్వదు. లేని మీసం మెలేసినంత ధీమాగా ఉంటుంది. ఇక మనకి పొట్ట చెక్కలే!

ఏడవమని బతిమాలే సినిమాకి ఏడుపు రాదు. చక్కిలిగింతలు పెట్టే సినిమాకి నవ్వు రాదు. ఏడుపూ నవ్వూ తెరమీదవాళ్లే కానిచ్చేస్తే ఇక మనకేం మిగిలింది? మన వంతు మనకి వదిలిపెట్టడమే వాళ్ల గొప్పతనం.

అందుకే ఆ కన్నీళ్లని బలహీనత అంటే నేనొప్పుకోను. అవి నాగయ్యగారు నాకు అప్పగించిన పని!