చబుత్రా మీద పిల్లలు, వీధిలో పెద్దలు

రాత్రి పొద్దుపోయాక హైదరాబాద్ పాతబస్తీలో చబుత్రాల (ఇళ్ళ ముందు అరుగుల) మీద కబుర్లాడుతున్న కుర్రాళ్ళను పోలీసులు వ్యాన్లలో ఎక్కించుకుపోవడం 2015లో సౌత్ జోన్‌లో మొదలైంది. అందరినీ ఫంక్షన్ హాలుకు చేర్చి, అమ్మానాన్నలను పిలిపించి, వాళ్ళ ఎదుటే కౌన్సెలింగ్ ఇచ్చేవారు. అదే మిషన్ చబుత్రా. తర్వాత కూడా పలుమార్లు నడిచింది. అంతకు చాలా ముందే, 1990ల చివర్లో, ఐస్‌లాండ్ కూడా పిల్లల రాత్రుల గురించే దిగులు పడింది. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో మునిగినవాళ్ళే. 2016కి ఆ లెక్క 5 శాతానికి దిగింది.

ఆంక్షలు అక్కడా ఉన్నాయి. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు పెద్దలు తోడు లేకుండా చలికాలంలో రాత్రి పది దాటాక, వేసవిలో పన్నెండు దాటాక బయట తిరగకూడదు. అయితే వీధిలో నడిచి చూసేది ఎక్కువగా తల్లిదండ్రులే. వారాంతపు రాత్రుల్లో వంతులు వేసుకుని పేటంతా తిరుగుతారు. పిల్లలకు మందు కొనివ్వబోమనీ, పెద్దలు లేని పార్టీలకు పంపబోమనీ కలిసి ఒప్పందాల మీద సంతకాలు చేస్తారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. "వాళ్ళమ్మ పంపింది, నువ్వే పంపవు" అని కొడుకు నిలదీసినప్పుడు ఏ తల్లీ ఒంటరిగా తట్టుకోలేదు. పేటలో తల్లులంతా ఒకే మాట మీదుంటే ఆ నిలదీత దానంతటదే ఆగిపోతుంది.

మిషన్ చబుత్రాలో తల్లిదండ్రులు పిలిస్తే వచ్చినవాళ్ళు. పగలంతా ఆటో తోలి అలసిన తండ్రికి, కొడుకు అర్ధరాత్రి ఎక్కడ ఉంటున్నాడో ఆ పిలుపుతోనే తెలిసి ఉండవచ్చు. ఆ మేలు కాదనను. కానీ నలుగురిలో తలవంచుకుని కూర్చున్న తండ్రి ఇంటికెళ్ళి ముందు చేసే పని కొట్టడం. ఆ తర్వాత కొడుకు నేర్చుకునేది దాచడం. ఏ నేరమూ చేయని పిల్లలను ఎలా తీసుకెళతారని హక్కుల సంఘాలు అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే.

ఇంకొకటి. తలాబ్‌కట్టలోనో యాకుత్‌పురాలోనో రెండు గదుల్లో ఏడెనిమిది మంది ఉండే ఇంట్లో, ఎదిగిన కుర్రాడికి కూర్చునే చోటు చబుత్రా ఒక్కటే. అక్కడైతే వచ్చేపోయే పొరుగువాళ్ళ కంట పడతాడు. అక్కడి నుంచి లేపేస్తే దీపం లేని సందు చూసుకుంటాడు. "ఇంట్లో ఉంచండి" అనే పోలీసుల సలహా ఆ ఇల్లు చూసి ఇచ్చింది కాదు.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నగరం ప్రతి పిల్లవాడికీ ఆటల, సంగీతం ఫీజుల కోసం ఏటా కొంత సొమ్ము ఇచ్చింది. వీధి నుంచి రమ్మన్నప్పుడు ఎక్కడికి వెళ్ళాలో కూడా చూపించింది. ఆటతో పోలీసుల అనుబంధం మనకు కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్‌ది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. ఆ పోలీసు శాఖే కుర్రాళ్ళను వ్యాను ఎక్కించడం చూస్తే మనసు బాధపడుతుంది.

ఐస్‌లాండ్‌ను తెచ్చి ఇక్కడ అతికించలేం. ఆ దేశ జనాభా నాలుగు లక్షలలోపే. పైగా అదే కాలంలో ఐరోపాలో చాలా దేశాల్లో పిల్లల తాగుడు తగ్గింది కాబట్టి ఫలితమంతా ఆ పద్ధతి ఖాతాలో వేయకూడదు. రాత్రి కాపలాకు అందనిది కూడా ఒకటుంది, మత్తు కోసం పీల్చే వైట్‌నర్. పట్టపగలు స్టేషనరీ దుకాణాల్లో అమ్మే సరుకు అది. ఇలాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం అని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. మద్యం నిషిద్ధమైన ఇళ్ళలో సీసా కనపడకపోతే చాలు, పిల్లాడు బాగున్నాడనుకుంటారు. చూడాల్సింది చేతిరుమాలు, చొక్కా చేతులు, వాటికి పట్టిన రసాయనపు వాసన.

గంజాయి దాకా వెళ్ళిన కొడుకు సంగతి బయటపెడితే జైలు పాలవుతాడని తల్లి నోరు మెదపదు. కానీ మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. అలవాటుపడ్డ మనిషి కొద్దిపాటి సరుకుతో దొరికినా, తనంతట తాను చికిత్సకు సిద్ధపడి దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే సలహా ఉచితం. ఫంక్షన్ హాల్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టిన రోజు, కొడుకుల తప్పులు లెక్కపెట్టక ముందే ఈ సెక్షన్ గురించి చెప్పాలి, అదీ వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే దక్కనీ ఉర్దూలో.