తుడిచే వీల్లేని బొమ్మ

చిత్రకారుడు తన బొమ్మను ఎలా దిద్దుకుంటాడంటే ముందుగా తట్టేది తైలవర్ణ చిత్రమే. గీసిన చెయ్యి నచ్చకపోతే దాని మీద ఇంకో పూత వేసి వేరే చెయ్యి గీయొచ్చు. యూరప్ మ్యూజియంలలోని పాత చిత్రాలకు ఎక్స్‌రే తీస్తే, అడుగున వదిలేసిన ముఖాలూ భంగిమలూ బయటపడటం మామూలే. ఆ కొలతతో చూస్తే శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుడికి దిద్దుకునే స్వేచ్ఛే లేదనిపిస్తుంది. అతని నల్లగీత గుడ్డ మీద పడిందంటే పడినట్టే. అయినా ఆ గుడ్డ దగ్గరికి అతను తిరిగి వచ్చినన్నిసార్లు తైలవర్ణ చిత్రకారుడు కూడా రాడేమో. ఉతకడం, ఉడికించడం, ఎండబెట్టడం, మళ్లీ పాలలో ముంచడం, మళ్లీ కలం పట్టడం ఇలా సాగుతూనే ఉంటాయి. ఈ మళ్లీమళ్లీ పనిచేయడంలోనే కలంకారీ విద్య ఉందనీ, గుడ్డకు ధర కట్టేటప్పుడు మనం లెక్కలోకి తీసుకోనిది కూడా దాన్నేననీ నా వాదన.

పని బొమ్మతో మొదలవదు. గంజి తీసిన ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు ఆ రంగును పక్కకు పాకనివ్వదు. ఆ తర్వాత చింతపుల్ల బొగ్గుతో లేతగా బొమ్మ గీస్తారు. చిత్రకారుడు మనసు మార్చుకోగలిగేది ఇక్కడే, దులిపితే బొగ్గు పోతుంది. తర్వాతిది కలం. వెదురు పుల్లనో ఈత పుల్లనో మొన తేల్చి, మొనకు కాస్త పైన ఉన్నినో గుడ్డపీలికనో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టు రంగును పీల్చుకుంటుంది, వేలితో ఎంత నొక్కితే గీత అంత లావవుతుంది. నల్లరంగును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే ద్రావణమిది. కుండలో ఉన్నప్పుడు దానికి పెద్ద నలుపేమీ ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకాక చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుమూ వగరూ కలిసి నూలుపోగులోనే పుట్టిన నలుపు కాబట్టి దాన్ని తుడవడం కుదరదు. నిమ్మరసం లాంటి పులుపుతో మరకను పలచబరచవచ్చు గానీ మొదటి తెలుపు తిరిగి రాదు. చుక్క జారి పడితే దాన్ని పువ్వుగానో లతగానో నగలో పూసగానో మార్చుకోవడమే దారి.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్రగా కనబడాల్సిన చోట చిత్రకారుడు పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. ఎక్కడ పూశాడో ఆనవాలు తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుకుంటే కలుపుకుంటాడు. పటిక పూసిన గుడ్డను కొన్నాళ్లు ఆరనిచ్చి పారే నీళ్లలో ఉతుకుతారు. నీళ్లు పారేవే ఎందుకంటే, వదిలిన పటిక నిలవ నీళ్లలో పక్కకు పాకితే ఆ పక్కంతా తర్వాత ఎర్రబడుతుంది. అప్పుడు మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి వేసిన కాగులో గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేనిచోట వెలిసిన మురికిరంగు మిగులుతుంది. తన ఎరుపు ఎలా ఉందో చిత్రకారుడు చూసేది అప్పుడే. ఆ మురికి పోవడానికి పేడనీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, తడుపుతూ ఎండబెడతారు. మళ్లీ పాలు, ఆ తర్వాత కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. గుడ్డ నేల తెల్లబడితే అదే పటిక ఎరుపు ముదురుగా కనబడుతుంది, నీలం పడ్డాక ఇంకోలా కనబడుతుంది. ప్రతి దశా వెనకటి దశను మార్చేస్తుంది. అందుకే రాబోయే మార్పునంతా బొగ్గుగీత నాడే ఊహించి, ఏ చోటును ఎప్పటిదాకా ఖాళీగా ఉంచాలో అతను తేల్చుకోవాలి. తైలవర్ణంలో చిత్రకారుడి ఆలోచన పూత వేశాక మొదలైనా ఇబ్బంది లేదు. ఇక్కడ అది పూతకు ముందే చాలావరకు అయిపోవాలి.

ఈ క్రమమే అసలు రహస్యమని పరాయివాళ్లు మనకంటే ముందే కనిపెట్టారు. 1734లో ఫ్రెంచి నౌకాదళ అధికారి ఆంత్వాన్ ద బోల్యూ పుదుచ్చేరిలో అద్దకాన్ని దగ్గరుండి గమనించి, ఒక్కో దశ ముగియగానే గుడ్డ ముక్క కత్తిరించి తన రాతప్రతిలో అతికించుకున్నాడు. పూర్తయిన గుడ్డలు యూరప్‌లో కావలసినన్ని దొరికేవి, అతనికి కావలసింది మధ్యలో జరిగే పని. అప్పటికే కోరమండల్ తీరపు రంగు గుడ్డల ధాటికి అక్కడి నేతపరిశ్రమ బెదిరిపోగా, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1721 చట్టంతో నూలు అద్దకాల వాడకాన్నే చాలావరకు ఆపించింది. ఉతికినా పోని ఎరుపూ నీలమూ అప్పట్లో వాళ్ల చేతికి అందని విద్య.

రామాయణ ఘట్టాలు, దశావతారాలు, కల్పవృక్షం వంటి పాత వస్తువులనే తరతరాలుగా గీస్తుంటే ఇందులో చిత్రకారుడి సొంతం ఏముంది, ఇది కళ కాదు చేతిపని మాత్రమే అనే మాట ఒకటుంది. వస్తువు పాతదే, ఒప్పుకోవాలి. అయితే ఒకే రాగం పాడే ఇద్దరు విద్వాంసుల మధ్య తేడా వినేవాడు, ఒకే పట్టాభిషేకం గీసిన ఇద్దరి గీతల్లో తేడా ఎందుకు చూడడు? కనుకొనలో గీత ఎక్కడ సన్నబడింది, బట్టమడతల్లో తెలుపు ఎంత వదిలారు అన్నవి ఏ సంప్రదాయమూ నిర్ణయించదు. పద్ధతి గొప్పదని దానికి లోపాలు లేవనడమూ సరికాదు. ఇనుముతో వచ్చే నలుపు కాలక్రమంలో నూలును తినేస్తుంది. మ్యూజియంలలోని పాత గుడ్డల్లో ఎరుపు నిలిచి, నల్లగీత వెంబడి చిరుగులు పడటం అందుకే. పైగా ఈ పని నీళ్లను తాగుతుంది, శ్రీకాళహస్తి దగ్గరి స్వర్ణముఖి నదిలో ఏడాది పొడుగునా నీళ్లు పారవు.

స్క్రీన్ ప్రింట్‌తో అదే బొమ్మ చాలా తక్కువ ధరకు వస్తుంటే ఈ తంటా ఎందుకన్నది బలమైన ఆక్షేపణ. తక్కువ ధర చీర కట్టుకునే హక్కు అందరికీ ఉంది, దానితో పేచీ లేదు. పేచీ దాన్నీ కలంకారీ అనే పేరుతో పిలవడంతోనే. స్క్రీన్‌లో బొమ్మ ముందే పూర్తయిపోయి ఉంటుంది, గుడ్డ మీద జరిగేది దాని నకలు. కలంకారీలో బొమ్మ గుడ్డ మీదే, దశదశకూ మారుతూ తయారవుతుంది. గత శతాబ్దంలో అంతరించే స్థితికి వచ్చిన ఈ పని హస్తకళల ఉద్యమకారిణి కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రావడం వల్ల నిలబడింది. ఆ తర్వాత జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి కలంకారీ చిత్రకారులకు పద్మశ్రీ దక్కింది, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఆ గుర్తింపు అర్థవంతం కావాలంటే కొట్లో ప్రతి గుడ్డ మీదా మూడు మాటలు ఉండాలి: కలంతో గీసిందా, అచ్చుతోనా, స్క్రీన్‌తోనా; రంగులు చెట్టువా, రసాయనాలవా; గీసిందెవరు. కొనేవాళ్లు ఆ మూడూ అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు రాయక తప్పదు.