క్రియ వెనక చిన్న మాట

ఇంగ్లీషు క్రియకు అర్థం చాలాసార్లు దాని వెనక వచ్చే చిన్న మాటను బట్టి తేలుతుంది. 'లుక్' అంటే చూడటం. 'లుక్ ఆఫ్టర్' అంటే బాగోగులు చూసుకోవటం, 'లుక్ ఫర్' అంటే వెతకటం, 'లుక్ ఇంటూ' అంటే విచారించటం, 'లుక్ డౌన్ ఆన్' అంటే చిన్నచూపు చూడటం. పరాయివాళ్లను ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ జోడింపేనని 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. వీటికి 'ఫ్రేజల్ వర్బ్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది 1925లో వచ్చిన లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకం.

తమిళనాడులోని ధర్మపురిలో తెలుగు ఇంటి పిల్లలకు ఈ ఇబ్బంది మరో రూపంలో ఎదురవుతుంది. 1965లో సేలం నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లా నుంచి 2004లో కృష్ణగిరి వేరుపడింది. తెలుగు బాగా వినిపించే హొసూరు ప్రాంతం దాంతోపాటే వెళ్లింది. ధర్మపురిలో ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు, వీధి మాట తమిళం. 1968 నాటి ద్విభాషా విధానం వల్ల సర్కారు బడిలో తమిళం పక్కన ఇంగ్లీషు. తెలుగూ తమిళమూ ద్రావిడ భాషలే కాబట్టి, ఒకటి నేర్పిన తప్పును రెండోది సరిదిద్దదు సరికదా, బలపరుస్తుంది.

'యాంగ్రీ ఆన్ మీ' అన్న వాడుకే తీసుకుంటే, తెలుగులో కోపం 'నా మీద', తమిళంలో 'ఎన్ మేల్'. రెండు భాషలూ కోపాన్ని మనిషి నెత్తిన పెడుతుంటే పిల్లవాడు 'ఆన్' అనక ఏమంటాడు? ఇంగ్లీషు మాత్రం 'విత్' అంటుంది. 'డిస్కస్ అబౌట్' కూడా అంతే. చర్చ ఏదో ఒకదాని 'గురించి' జరగాలి, తమిళంలో 'పట్రి' జరగాలి. ఇంగ్లీషు 'డిస్కస్' పక్కన ఏమీ అక్కర్లేదు. 'లిసన్'కు మాత్రం 'టు' కావాలి. 'మాట విను' అన్నప్పుడు మనకు ఏ విభక్తీ అడ్డం రాదు కనక అది నోట్లోంచి జారిపోతుంది. వీటిని వ్యాకరణం రానివాళ్ల తప్పులనటం అన్యాయం. వ్యాకరణం బాగా వచ్చినవాళ్ల తప్పులే ఇవి, కాకపోతే ఆ వ్యాకరణం వేరే భాషది.

బస్టాండులో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బస్సయినా కారయినా తెలుగువాడు ఎక్కుతాడు, దిగుతాడు. ఇంగ్లీషులో బస్సుకు 'గెట్ ఆన్', కారుకు 'గెట్ ఇన్'. లోపల నిలబడి నడవగలిగే బండి అయితే సాధారణంగా 'ఆన్', ఒంగి దూరాల్సినదైతే 'ఇన్'. దిగేటప్పుడు బస్సుకు 'గెట్ ఆఫ్', కారుకు 'గెట్ అవుట్'. దక్షిణాదిలో మాత్రం సేలం బస్సయినా బెంగళూరు బస్సయినా 'గెట్ డౌన్' అనే దిగుతారు. దిగటమంటే కిందికి రావటమే కదా.

పాఠ్యపుస్తకాలు ఈ జంటలను పట్టికలుగా ఇచ్చి బట్టీ పట్టమంటాయి. అంతకన్నా తేలిక దారి తెలుగులోనే ఉంది. ఇంగ్లీషులో చిన్న మాట చేసే పనిని మన దగ్గర రెండో క్రియ చేస్తుంది. తినటం వేరు, తినేయటం వేరు. ఆ 'వేయు' చేసే పనే 'ఈట్ అప్'లో 'అప్' చేస్తుంది. 'అప్'కు అక్కడ పైకి అన్న అర్థం లేనట్టే, తినేయటంలో ఎవరూ దేన్నీ ఎక్కడా వేయరు. చింపేయటం 'టేర్ అప్', రాసిపెట్టటం 'రైట్ డౌన్', మానేయటం 'గివ్ అప్'. తమిళంలో రాసిపెట్టు 'ఎళుది వై' అవుతుంది, అక్కడా పెట్టటమే. ఇక 'ఫైండ్ అవుట్'కు తెలుగు మాట కనిపెట్టటం, అంటే విడదీస్తే చూసి పెట్టటం. తమిళం 'కండుపిడి', అంటే చూసి పట్టటం. ముక్కలు విడదీస్తే అర్థం దొరకని మాటలు ఇంగ్లీషు సొత్తేమీ కాదు.

పోలిక అంతటితో ఆగుతుంది. తెలుగులో రెండో క్రియ మొదటిదాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ఇంగ్లీషు చిన్న మాట మాత్రం కదులుతుంది. 'పిక్ అప్ ది బాక్స్' అన్నా 'పిక్ ది బాక్స్ అప్' అన్నా ఒకటే. పెట్టె స్థానంలో సర్వనామం వస్తే 'పిక్ ఇట్ అప్' తప్ప వేరే దారి లేదు. 'లుక్ ఆఫ్టర్ ఇట్'లో మళ్లీ ఆ కదలిక ఉండదు, ఎందుకంటే అక్కడ 'ఆఫ్టర్' సర్వనామానికి చెందిన విభక్తి లాంటిది. చెవికీ తేడా తెలుస్తుంది: కదిలే జంటలో ఒత్తు మామూలుగా చిన్న మాట మీద పడుతుంది, కదలని దాంట్లో క్రియ మీద.

మనవాళ్లు సొంతంగా కలిపిన జంటలూ ఉన్నాయి. 'కోప్ అప్ విత్'లో 'అప్' ఇక్కడ చేరినదే. కాలేజీ నుంచి 'పాస్ అవుట్' అయ్యానంటే, సైనిక శిక్షణ గురించి కాదని తెలిసిన బ్రిటన్ మనిషి అవతలివాడు స్పృహ తప్పాడనుకుంటాడు. ఇంకో చిత్రం తెలుగు ఇళ్లలో జరిగింది. 'టర్న్ ఆఫ్'లో 'టర్న్'ను వదిలేసి 'ఆఫ్'ను ఉంచుకుని, దాని పక్కన మన 'చేయు'ను కూర్చోబెట్టాం. బడిలో 'టర్న్ ఆఫ్ ది లైట్' అని రాసిన పిల్లవాడికి ఇంట్లో అమ్మ 'లైట్ ఆఫ్ చెయ్' అనే చెబుతుంది.