తలనొప్పి పిల్లలకు శ్వాస మీద ధ్యాస

పిల్లలకు మాటిమాటికీ వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం రెండు రకాలు: మైగ్రేన్, తల చుట్టూ బట్ట బిగించి కట్టినట్టుండే టెన్షన్ తలనొప్పి. పెద్దవాళ్లకు మైగ్రేన్ తరచుగా ఒక పక్కన వస్తే, పిల్లలకు నుదుటికి రెండు వైపులా పోటు పెడుతుంది. వాంతి కావచ్చు, వెలుతురు, చప్పుడు గిట్టవు. చీకటి గదిలో ఓ నిద్ర తీసి లేచాక అదే బిడ్డ ఆటకు పరుగెత్తుతుంది. అది చూసి, పొద్దున "తలకాయ నొస్తున్నది" అన్నది బడి ఎగ్గొట్టడానికేనని పెద్దలు తీర్మానించడం అన్యాయం.

ఇలాంటి పిల్లలకు శ్వాస మీద ధ్యాస నిలిపే ధ్యానం నేర్పవచ్చు. దానికన్నా ముందు డాక్టరు చూడాలి. నిద్ర చాలకపోవడం, ఏమీ తినకుండా బస్సెక్కడం, నీళ్లు తాగకపోవడం, చూపులో లోపం వంటివి మొదట తేల్చుకోవాలి. నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, తెల్లవారుజామున వాంతులవుతున్నా, జ్వరంతో మెడ పట్టేసినా, ఫిట్స్ వచ్చినా, నడక తూలినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి మాత్రలు వారానికి రెండు మూడు రోజులకు మించి వాడుతూపోతే వాటివల్లే తలనొప్పి ముదురుతుంది.

మైగ్రేన్ రాకుండా రోజూ వాడే మందులు పిల్లల్లో ఆశించినంత పనిచేయడం లేదు. 2017లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 24 వారాలు అమిట్రిప్టిలిన్ లేదా టోపిరమేట్ ఇచ్చి చూశారు. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్న పిల్లల కన్నా వాళ్లకు ఎక్కువ మేలేమీ కనబడలేదు. మనసుకు ఇచ్చే శిక్షణ మీద వైద్యుల చూపు పడటానికి ఇదొక కారణం.

శ్వాస మీద ధ్యాస, అంటే బౌద్ధుల ఆనాపాన, తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌ను బుద్ధుని కాలపు అశ్మక రాజధాని పోదనగా చరిత్రకారులు గుర్తిస్తారు. ఈ ధ్యానాన్ని తెలుగునాట ఊరూరా ప్రచారం చేసిన సుభాష్ పత్రి 1947లో బోధన్ శక్కర్‌నగర్‌లోనే పుట్టారు. అదే జిల్లా ఎడపల్లి మండలం పోచారంలో ధ్యాన గురువు గోయెంకా సంప్రదాయపు విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. ఆ సంప్రదాయంలో ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు రుసుము లేకుండా ఆనాపాన నేర్పుతారు. వైద్యానికి విపశ్యన ప్రత్యామ్నాయం కాదని వాళ్ల నియమావళే చెబుతుంది. ధ్యానం చేస్తే మందులక్కరలేదనే మాటను పిల్లల విషయంలో అస్సలు ఒప్పుకోరాదు. 1979లో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, తగ్గని నొప్పులున్న రోగుల కోసం బౌద్ధ ధ్యానం నుంచి ఒక శిక్షణ రూపొందించారు. మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఈ ధ్యానం ఆసుపత్రుల్లోకి వచ్చింది అలాగే.

పిల్లలకు పద్ధతి తేలికగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద నోటుపుస్తకం పెడితే, ఊపిరితోపాటు అది లేచి దిగడం బిడ్డ కంటికే కనబడుతుంది. మూడు నిమిషాలు చాలు. తర్వాత కూర్చుని, ముక్కు దగ్గర గాలి చల్లగా లోపలికి పోయి వెచ్చగా బయటికి రావడం గమనించాలి. ఊపిరి బిగబట్టనక్కర్లేదు, కళ్లు మూసుకోవడం భయమైతే నేలను చూడవచ్చు. మనసు ఆట మీదికో పరీక్ష మీదికో పోతుంది. పోయిందని తెలిసినప్పుడు మళ్లీ ఊపిరి దగ్గరికి రావడమే సాధన. ఆపైన కాలివేళ్ల నుంచి మాడు దాకా ఒక్కో భాగాన్నీ గమనించడం నేర్పాలి. పళ్లు బిగబట్టి ఉన్నాయని, భుజాలు పైకి లేచి ఉన్నాయని అప్పుడే పిల్లలకు తెలిసివస్తుంది.

నొప్పి వచ్చినప్పుడు అది ఎక్కడుంది, కొట్టుకుంటున్నదా, నొక్కుతున్నదా అని కాసేపు చూసి, నొప్పి లేని అరచేతుల మీదికి ధ్యాస మళ్లించవచ్చు. పోటు బాగా ఎక్కువైతే సాధన మానేసి, డాక్టరు చెప్పిన మాత్ర ఆలస్యం లేకుండా వేసి పడుకోబెట్టాలి.

దీనివల్ల నొప్పే రాకుండా పోతుందని చెప్పలేం. 2021లో పెద్దవాళ్ల మీద వెలువడిన అధ్యయనంలో, ధ్యానం నేర్చినవారికీ తలనొప్పి గురించిన పాఠాలు విన్నవారికీ మైగ్రేన్ రోజులు దాదాపు సమానంగానే తగ్గాయి. కానీ నొప్పివల్ల పనులు ఆగిపోవడం, మనసు కుంగడం ధ్యానం నేర్చినవారిలో ఎక్కువ తగ్గాయి. పిల్లల మీద జరిగినవి ఇంకా చిన్న అధ్యయనాలే. అయినా "మళ్లీ వస్తుందేమో" అనే బెదురు తగ్గి బిడ్డ బడికి పోగలిగితే అది చిన్న మేలు కాదు. ఇంట్లోవాళ్లు గంటగంటకూ "నొస్తున్నదా?" అని అడగడం మానాలి, అలా అడిగినకొద్దీ పిల్లల ధ్యాస నొప్పి మీదే నిలుస్తుంది. తలనొప్పి వచ్చిన రోజులు, నిద్ర, తిండి ఒక పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. సాధన మాత్రం నొప్పి లేని రోజునే మొదలుపెట్టించండి.